పత్తి కట్టెతో బయోచార్: గుంత బట్టీనా, డ్రమ్మా? కార్బన్ లెక్క నిజంగా ఎంత తేలుతుంది?

పత్తి_సంఘం (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఆదిలాబాద్ దిక్కు ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం తరఫున అడుగుతున్న. సభ్యుల పత్తి అంతా కలిపి 400 ఎకరాలు. ముప్పావు వంతు నల్లరేగడి, మిగతాది ఎర్ర చల్క. ఏరుడు అయిపోయినంక కట్టె పీకి ఎక్కువ మంది గట్టు మీదనే కాలబెడుతున్నరు, కొందరు పొయ్యిలకు తెచ్చుకుంటున్నరు. ఒక కంపెనీ వాళ్లు వచ్చి, ఊరికే కాలబెట్టకుండా బయోచార్ (గాలి తగలకుండా కాల్చి, మట్టిల కలిపే బొగ్గు) చేయండి, గాలిలోని కార్బన్‌ను భూమిలో పాతిపెట్టినట్టే, క్రెడిట్ పైసలు (అట్ల ఆపిన ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు కొనేటోళ్లు ఇచ్చేవి) మేమిస్తం అంటున్నరు. అగ్రిమెంటు కాగితం కూడా ఇచ్చిన్రు.

దీనికి ఏ బట్టీ మంచిది, ఎంత కట్టెకు ఎంత బొగ్గు వస్తది, 400 ఎకరాల మీద నిజంగా ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కకు వస్తది? నల్లరేగడిలో వేస్తే పంటకు ఏమన్న లాభమా? చేసినోళ్లు, కొలిచినోళ్లు చెప్పండి. "పర్యావరణానికి మంచిది" అనే మాట అందరూ చెప్తున్నరు, లెక్క ఎవ్వరు చెప్తలేరు.

బట్టీ_మేస్త్రి

డ్రమ్ముతో మొదలుపెట్టకండి. 200 లీటర్ల డ్రమ్ములో నరకని పత్తి కట్టె పది, పన్నెండు కిలోలకు మించి పట్టదు. చేతికొచ్చే బొగ్గు రెండు మూడు కిలోలు. హైదరాబాద్‌లోని క్రిడా (మెట్ట వ్యవసాయ కేంద్ర పరిశోధన సంస్థ) అడుగున చిల్లులు పెట్టిన డ్రమ్ము బట్టీని రూపొందించింది. ఒక ఇంటి పెరటికి, రైతులకు చూపించడానికి అది బాగుంటుంది, 400 ఎకరాలకు కాదు.

మీకు సరిపోయేది గుంత బట్టీ. స్విట్జర్లాండ్‌లోని ఇథాకా సంస్థ వాళ్లు 2014 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన కోన్-టికి అనే గరాటు ఆకారపు ఇనుప బట్టీకి ఇది మట్టి రూపం. పైన 1.5 మీటర్ల వెడల్పు, అడుగున అర మీటరు, లోతు 80 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా తవ్వాలి. గోడలు నిట్టనిలువుగా తవ్వితే అంచుల్లో సందులు పడి, వాటిలోంచి గాలి కిందికి దిగుతుంది, బొగ్గు బూడిదవుతుంది. తవ్విన మట్టిని చుట్టూ పోసి దిమ్మిసతో కొట్టండి. రేగడిలో గోడ ఎండి పగుళ్లిస్తుంది కాబట్టి వీలైతే చల్క నేలలో తవ్వండి, లేదా ఎర్రమట్టితో అలకండి. ఈ కొలతకు గుంత దాదాపు 680 లీటర్లు. నిండా కాలిస్తే 400 నుంచి 500 కిలోల ఎండు కట్టె పడుతుంది, 80 నుంచి 100 కిలోల బొగ్గు వస్తుంది. బరువులో అయిదో వంతు అనుకోండి. మూడో వంతు వస్తుందని ఎవరైనా అంటే, అది సగం కాలిన కట్టెను కూడా తూచిన లెక్క.

కాల్చే తీరు: నడుమ ఎండు పుల్లలు గూడులా పేర్చి, నిప్పు పైనుంచి పెట్టాలి, కింద నుంచి కాదు. కింద పెడితే పైనున్న పచ్చి పొర అంతా పొగ కక్కుతుంది. మంట అందుకున్నాక కట్టెను పలుచగా, గుంత అంతటా సమానంగా పరచండి. ఆ పొర మీద తెల్లటి బూడిద పొడ కనపడగానే తర్వాతి పొర. ఇందులో కిటుకంతా ఇదే. పైనున్న మంట గాలిలోని ఆక్సిజన్‌ను అక్కడికక్కడే తినేస్తుంది, కింద ఉన్న బొగ్గుకు చేరనివ్వదు. కిందినుంచి లేచే వాయువులు ఆ మంటలోంచి వెళ్తూ కాలిపోతాయి. పొగ వస్తోందంటే తొందరపడి ఎక్కువ వేశారు, లేదా కట్టె పచ్చిగా ఉంది. బూడిద ఎక్కువ పడుతోందంటే ఆలస్యం చేస్తున్నారు. మూడు, నాలుగు గంటల్లో నిండుతుంది.

పత్తి కట్టెలో రెండు ఇబ్బందులు. ఒకటి, వేరు దుంప. దానికి మట్టి అంటుకుని ఉంటుంది, బొగ్గులో మట్టి శాతం పెరిగి ల్యాబ్‌లో కార్బన్ శాతం పడిపోతుంది. దులపండి, లేకపోతే నరికి పక్కన పెట్టండి. రెండోది, మొదలు లావు, కొసలు సన్నం. రెండు, మూడు సెంటీమీటర్ల లావున్న మొదళ్లను మొదటి సగంలోనే వేసేయాలి, వాటికి ఎక్కువసేపు వేడి కావాలి. చివరి రెండు పొరలూ సన్న కొమ్మలే.

ఆర్పడం: 400, 500 లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకుని కాల్చడం మొదలుపెట్టండి, నిండాక బోరు వెయ్యడానికి పరిగెత్తడం కాదు. నీళ్లు పోయగానే లేచే ఆవిరి చర్మం ఊడగొడుతుంది, గాలి వచ్చే వైపు నిలబడి అంచుల నుంచి పోయాలి. నీటి కరువుంటే మట్టి కప్పొచ్చు, కానీ ఎక్కడా సందు లేకుండా అడుగు మందం కప్పి, మర్నాటి దాకా తెరవకూడదు. పైకి చల్లగా ఉన్న బొగ్గు కుప్ప లోపల రాజుకుంటుంది. పొడిగా సంచుల్లో కట్టి గోదాములో పెడితే గోదాము పోతుంది. తడిగానే ఎత్తండి, ఒక రోజంతా బయట ఉంచి చూడండి.

మంచి బొగ్గు గుర్తు: ఎండాక కుదిపితే గలగలమంటుంది, చేత్తో నలిపిన మసి వట్టి నీళ్లకే పోతుంది. సబ్బు కావాల్సి వస్తే తారు మిగిలిందని అర్థం, వేడి చాలలేదు.

లెక్కల_పిచ్చి

మేస్త్రిగారు బట్టీ చెప్పారు, నేను కాగితం చెబుతాను.

ఒక టన్ను ఎండు కట్టె తీసుకోండి. 200 కిలోల బొగ్గు. పత్తి కట్టె బొగ్గులో కార్బన్ 70 శాతం అనుకుందాం (అంతర్జాతీయ వాతావరణ సంఘం ఐపీసీసీ 2019 మార్గదర్శకాల్లో కలప బొగ్గుకు 77, గడ్డి జాతి బొగ్గుకు 65 శాతం అని ఉంది, ఇది మధ్యలో పడుతుంది). అంటే 140 కిలోల కార్బన్. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చాలంటే 44/12తో, అంటే 3.67తో గుణించాలి. 514 కిలోలు. నూరేళ్ల తర్వాత మట్టిలో ఎంత మిగులుతుందన్నది కాల్చిన వేడిని బట్టి ఉంటుంది. అవే మార్గదర్శకాల ప్రకారం 600 డిగ్రీలు దాటితే 89 శాతం, 450–600 మధ్య 80, 350–450 మధ్య 65. గుంత బట్టీ సరిగ్గా కాలితే 600 దాటుతుంది. 514లో 89 శాతం అంటే 457 కిలోలు.

కంపెనీ కాగితంలో లెక్క ఇక్కడే ఆగి ఉంటుంది. చూసుకోండి.

ఇప్పుడు తీసివేతలు. మంటలో కాలకుండా తప్పించుకునే మీథేన్ ఉంటుంది. నేపాల్‌లో ఇలాంటి బట్టీల మీద తీసి 2016లో ప్రచురించిన కొలతల్లో కిలో బొగ్గుకు సగటున 30 గ్రాముల మీథేన్ తేలింది. కాల్పుకూ కాల్పుకూ తేడా మాత్రం విపరీతం. 200 కిలోలకు 6 కిలోల మీథేన్. నూరేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది, అంటే 168 కిలోలు పోయాయి. మిగిలింది 290 కిలోలు. అదే 20 ఏళ్ల లెక్క తీస్తే మీథేన్ బలం 80 రెట్లు, మొత్తం 457 కిలోలూ తుడిచిపెట్టుకుపోతాయి. పచ్చి కట్టెతో పొగబెట్టి తీసిన బొగ్గు వాతావరణానికి నష్టమే చేస్తుందని నేననేది ఇందుకే. తేమ 15 శాతం లోపుంటే తప్ప నిప్పు ముట్టించొద్దు.

తేమ చూడటానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. కుప్ప లోపలినుంచి ఒక కిలో కట్టె తీసి, ముక్కలు చేసి, బరువు మారడం ఆగేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. 850 గ్రాముల కన్నా తగ్గిందంటే ఇంకా పచ్చిదే. చెయ్యి తిరిగాక మొదలు విరిచి చెప్పొచ్చు: పటక్కున విరగాలి, నార లేవకూడదు.

ఎకరాకు టన్ను కట్టె చొప్పున 400 ఎకరాలకు 400 టన్నులు, 80 టన్నుల బొగ్గు, నికరంగా సుమారు 115 టన్నుల కార్బన్ డయాక్సైడ్. బయోచార్ క్రెడిట్ టన్ను 100 నుంచి 200 డాలర్ల మధ్య అమ్ముడవుతోంది. 120 వేసుకుంటే మొత్తం 12 లక్షల రూపాయలకు కొంచెం అటూ ఇటూ. ఇందులోంచే కంపెనీ వాటా, ధ్రువీకరణ ఖర్చు, ల్యాబ్, కూలి పోవాలి. ఒక్కో కాల్పుకు 90 కిలోల బొగ్గు అంటే దాదాపు 900 కాల్పులు. కట్టె మోత, కాల్చడం, ఎత్తడం కలిపి కాల్పుకు ఒకటిన్నర కూలీ పడుతుంది. రోజు కూలీ 500 అయితే 6 లక్షల 75 వేలు అక్కడే పోయాయి. ఎకరాకు 5 వేలు మిగులుతాయని ఎవరైనా చెబితే కాగితం మీద వేసి చూపించమనండి.

ఇటుక_బ్రికెట్

ఒక మాట అడగాలి. మీ కట్టెకు ఇప్పుడే కొనేవాళ్లున్నారా? బ్రికెట్ (కట్టె పొడిని అదిమి చేసే ఇంధన దిమ్మె) ఫ్యాక్టరీ దగ్గరలో ఉండి, ఆ బ్రికెట్లు నిజంగా ఏ బాయిలర్‌లోనో గని బొగ్గు స్థానంలో మండుతుంటే, వాతావరణం లెక్కలో అదే ఎక్కువ మేలు. పత్తి కట్టె కిలోకు సుమారు 4000 కిలోకేలరీలు. టన్ను కట్టె ఇచ్చే వేడిని గని బొగ్గుతో తెచ్చుకోవాలంటే ఒకటిన్నర టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పైన లెక్క ప్రకారం బయోచార్ 290 కిలోలు. అయిదు రెట్ల తేడా. గుంత బట్టీలో కట్టెలోని శక్తిలో సగానికి పైగా గాలిలో వృథాగా మండిపోతుందని కూడా మర్చిపోవద్దు.

లెక్కల_పిచ్చి

@ఇటుక_బ్రికెట్ లెక్క ఒప్పే, కానీ రెండూ ఒక ఖాతాలో పడవు. మీది కొత్తగా గాలిలోకి వెళ్లేదాన్ని ఆపడం, ఇది వెళ్లినదాన్ని వెనక్కి తీయడం. క్రెడిట్ కొనేవాళ్లు రెండోదానికే ఎక్కువ ధర ఇస్తున్నారు. అయినా మీరన్నట్టు గని బొగ్గు స్థానంలో పోతున్న కట్టెను మళ్లించి బయోచార్ చేస్తే అది మోసంతో సమానం, ఏ ధ్రువీకరణ సంస్థయినా పాత వాడకం ఏమిటని ముందు అడగాలి. అలాగే పొయ్యిలకు తెచ్చుకునే ఇళ్ల కట్టెను ముట్టకండి. వాళ్లు రేపు అడవికి పోతారు. గట్టు మీద కాలబెట్టే కట్టె ఒక్కటే లెక్కలోకి తీసుకోండి. 400 ఎకరాలు అక్కడే 250 కావచ్చు.

పత్తి_సంఘం

చాలా కృతజ్ఞతలు అన్నా. బ్రికెట్ కంపెనీ మాకు దగ్గరల లేదు, మోత ఖర్చుకే కట్టె ధర పోతది. ఇంకో రెండు ముచ్చట్లు. కట్టె ఎండనీకి ఎన్ని రోజులు కుప్ప పెట్టాలె? గులాబీ పురుగు గురించి వ్యవసాయ అధికారులు కుప్పలు ఉంచొద్దంటున్నరు. ఇంకోటి, రేగడి సంగతి ఎవ్వరు చెప్పలే.

మట్టి_పరీక్ష

గులాబీ రంగు పురుగు సంగతి నిజం. కట్టెకు మిగిలిన పగలని కాయల్లో పురుగు నిద్రావస్థలో ఉండి, తొలకరి తర్వాత రెక్కల పురుగై కొత్త పత్తి మీద పడుతుంది. మార్గం ఏమిటంటే: జనవరిలో పీకండి, ఆ రోజే మిగిలిన కాయలు, గుడ్డికాయలు రాల్చి విడిగా కాల్చేయండి. కట్టెను కుప్పగా వేయకుండా కట్టలు కట్టి నిలబెడితే ఫిబ్రవరి, మార్చి ఎండకు మూడు, నాలుగు వారాల్లో దారికొస్తుంది. ఏప్రిల్ దాటి చేలో ఒక్క కట్ట కూడా ఉండకూడదు. ఉగాది తర్వాత మధ్యాహ్నం గాలి లేచే వేళ కాల్చొద్దు, తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించేయండి. గుంత చుట్టూ పది మీటర్లు చెత్త లేకుండా గీకాలి, పైన కరెంటు తీగ ఉండకూడదు.

ఇక నేల. నల్లరేగడిలో పంట దిగుబడి పెరుగుతుందని ఆశపెట్టుకుని వేయకండి. బయోచార్ చేసే పెద్ద మేళ్లు రెండు: పుల్ల నేలల్లో పులుపు తగ్గించడం, ఇసుక శాతం ఎక్కువున్న నేలల్లో నీటినీ పోషకాలనూ పట్టి ఉంచడం. రేగడికి ఆ రెండు జబ్బులూ లేవు. దాని ఉదజని సూచిక (పీహెచ్) ఇప్పటికే 8 పైన ఉంటుంది, బొగ్గుది 9 దాకా పోతుంది. ఎక్కువ మోతాదులో వేస్తే జింకు, ఇనుము, భాస్వరం అందడం ఇంకా కష్టమై ఆకులు పసుపెక్కుతాయి. ఉన్న బొగ్గంతా ఎర్ర చల్కకే మళ్లించండి. అక్కడ వర్షం మధ్యలో బెట్ట వచ్చినప్పుడు తేడా కనిపించే అవకాశం ఉంది. కార్బన్ లెక్కకు ఏ నేలైనా ఒకటే, రైతుకు ఒకటి కాదు.

ఎరువు కలపని బొగ్గు నేరుగా చల్లితే మొదటి పంటకు దెబ్బ. దాని రంధ్రాలు నేలలోని నత్రజనిని పీల్చుకుని కూర్చుంటాయి. ఒక పాలు బొగ్గుకు రెండు, మూడు పాళ్లు పశువుల ఎరువు కలిపి, ఆవు మూత్రం దొరికితే తడిపి, మూడు నాలుగు వారాలు నీడలో కుప్ప వేయండి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. బొగ్గును ముందే జొన్న గింజంత నుంచి శనగ గింజంత వరకు నలగ్గొట్టాలి. తడిగా ఉన్నప్పుడే, లేదంటే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎకరమంతా వెదజల్లడం కన్నా విత్తే సాలులో వేర్లు చేరే లోతున పడేలా వేస్తే ఎకరాకు 200 కిలోల బొగ్గుతో కూడా పని జరుగుతుంది. నేపాల్‌లో ఆవు మూత్రంతో తడిపిన బయోచార్‌ను ఇలా వేర్ల దగ్గర వేసి గుమ్మడి దిగుబడి నాలుగింతలు చూపించిన ప్రయోగం ఒకటి 2015లో అచ్చయింది, కంపెనీల వాళ్లు దాన్ని ఊరూరా తిప్పుతుంటారు. పత్తికి అది వర్తిస్తుందని ఎవరూ చెప్పలేరు. చల్కలో నాలుగు సాళ్లు వేసి, పక్కన నాలుగు వేయకుండా వదిలి చూసుకోండి.

వేసే ముందు చిన్న పరీక్ష: రెండు గిన్నెల్లో మట్టి, ఒకదాంట్లో పదో వంతు బొగ్గు కలిపి, పెసలు చల్లండి. బొగ్గు గిన్నెలో మొలక తగ్గితే ఆ గుంత బొగ్గులో తారు ఉంది, మళ్లీ కాల్చాలి.

నల్లరాయి

కొంచెం పక్కకు వెళ్తున్నానేమో. కార్బన్ పట్టడానికి బయోచార్ కన్నా రాతిపొడి చల్లడం తేలిక అంటున్నారు కదా? మాటి కార్బన్ అనే సంస్థ భారతీయ వరి రైతుల పొలాల్లో బసాల్ట్ (లావా గడ్డకట్టి ఏర్పడిన నల్ల రాయి) పొడి చల్లే పనికే 2025 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రైజ్ కార్బన్ తొలగింపు పోటీలో మొదటి బహుమతి, 5 కోట్ల డాలర్లు గెలిచింది. మన ఊరి క్రషర్ దుమ్ము ఉచితంగా ఇస్తానంటున్నారు. చల్లొచ్చా?

మట్టి_పరీక్ష

ముందు ఆ క్రషర్‌లో ఏ రాయి ఆడుతోందో చూడండి. తెలంగాణలో ఎక్కువ క్రషర్లది గ్రానైటు. దాంట్లో కాల్షియం, మెగ్నీషియం తక్కువ, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే పని చేసేవి ముఖ్యంగా ఆ రెండే. వాననీటిలో కరిగిన వాయువు ఆమ్లమై రాతిని కొద్దికొద్దిగా తింటుంది, బైకార్బనేటుగా మారి నీటితో పాటు సముద్రానికి పోతుంది. ఇదీ పద్ధతి. దక్కను బసాల్ట్ ఉన్నది ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు. ఆ రాయి అయినా టన్నుకు మొత్తం మీద 0.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు మించి పట్టలేదు, అదీ ఏళ్ల తరబడి. పొడి వంద మైక్రాన్ల లోపు ఉండాలి. క్రషర్ దుమ్ములో ఎక్కువ భాగం అంతకన్నా గరుకు.

మోతకయ్యే డీజిల్ గురించి అందరూ భయపడతారు, నిజానికి అది పెద్ద చిక్కు కాదు. లారీ మీద వంద కిలోమీటర్లకు టన్ను పొడికి పది కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున పోతుంది. రుబ్బడానికి ఇంకో 15 నుంచి 35 కిలోలు. అసలు చిక్కు నేల. రేగడి ఎక్కువగా బసాల్ట్ అరిగి ఏర్పడిన మట్టే, క్షారం ఎక్కువ. అక్కడ రాయి కరగడం నెమ్మదిస్తుంది, కరిగినదీ అక్కడే సున్నపు గులకలుగా పేరుకుంటుంది. అలా పేరుకునేటప్పుడు పట్టిన కార్బన్ డయాక్సైడ్‌లో సగం మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. నీళ్లు నిలిచే, కొంచెం పుల్లగా ఉండే వరి మళ్లు దీనికి తగినవి. మీది పత్తి రేగడి అయితే దండగ. గ్రానైటు దుమ్ములో స్ఫటిక సిలికా ఎక్కువ, చల్లేవాళ్ల ఊపిరితిత్తులకు మచ్చలు పడతాయి. ముక్కుకు తువ్వాలు కడితే ఆగదు. ఉచితమని తెచ్చుకోవద్దు.

లెక్కల_పిచ్చి

@పత్తి_సంఘం సంతకం పెట్టే ముందు చూడాల్సినవి. క్రెడిట్ ఎవరి పేరున నమోదవుతుంది, అమ్మిన ధరలో సంఘానికి ఎంత శాతం, డబ్బు బొగ్గు తూచినప్పుడా లేక క్రెడిట్ అమ్ముడయ్యాకా? రెండోదైతే ఏడాది పైన పట్టొచ్చు, కూలీలకు మీరు అప్పు తెచ్చి ఇవ్వాలి. ఏ ప్రమాణం కింద చేస్తున్నారో పేరు రాయించుకోండి. చిన్న బట్టీలకు గ్లోబల్ ఆర్టిజన్ సి-సింక్ అనే స్విస్ ప్రమాణం ఉంది. అందులో మీథేన్ నష్టాన్ని చెట్లు పెంచడం లాంటి పనితో విడిగా పూడ్చాలి, ఆ చెట్లు ఎవరు పెంచుతారో అడగండి. క్రెడిట్లు నమోదు చేసే వెర్రా సంస్థకు 2022లో వచ్చిన వీఎం0044 అనే పద్ధతి ఉంది. పూరో ఎర్త్ అనే సంస్థది ఇంకొకటి. ఇవేవీ చెప్పకుండా "అంతర్జాతీయ క్రెడిట్" అంటే కాగితం వెనక్కి ఇచ్చేయండి. గూగుల్ 2025 జనవరిలో వరాహ అనే భారతీయ కంపెనీ నుంచి 2030లోపు లక్ష టన్నుల బయోచార్ క్రెడిట్లు కొనడానికి ఒప్పుకుంది కాబట్టి కొనేవాళ్లు లేరని కాదు, ఉన్నారు. కానీ వాళ్లు రుజువు లేని టన్నును కొనరు.

రుజువంటే: ప్రతి కాల్పుకూ తేదీ, గుంత నంబరు, జీపీఎస్‌తో ఫొటో, మంట మీద ఉన్నప్పుడు ఒకటి, ఆర్పాక ఒకటి. బొగ్గును బరువుతో తూచకండి, తడి శాతం మారిపోతుంది. 100 లీటర్ల పెట్టె చేయించి దాంతో కొలవండి, పది పెట్టెలకు ఒకదాన్ని ఆరబెట్టి తూచి సగటు పట్టండి. ల్యాబ్‌కు పంపేటప్పుడు కార్బన్ శాతంతో పాటు హైడ్రోజన్, కార్బన్ పరమాణువుల నిష్పత్తి అడగండి. 0.7 దాటితే అది బయోచారే కాదంటారు, 0.4 లోపుంటే దిట్టమైన బొగ్గు. చివరగా బొగ్గు మట్టిలోనో ఎరువులోనో కలిసినట్టు ఫొటో. కుప్పగా ఉన్న బొగ్గును ఎవరో ఇస్త్రీ బండికో, హోటల్‌కో అమ్మేస్తే ఆ టన్ను రద్దు, అగ్రిమెంటులో జరిమానా కూడా ఉండొచ్చు. మేస్త్రిగారన్నట్టు ఒక రోజు బయట ఉంచి చూసి, వెంటనే ఎరువులో కలిపేస్తే ఆ బెడద ఉండదు.

పత్తి_సంఘం

అర్థమైంది. ఈ ఏడు చల్క ఉన్నోళ్ల చేలల్లనే నాలుగు గుంతలు పెట్టి చూస్తం. మా పక్కనే రైస్‌మిల్లు ఉంది, బాయిలర్ల కాల్చిన ఊక బూడిద నల్లగనే ఉంటది, కావలసినంత ఇస్తరు. అది బయోచార్ కింద లెక్కకు వస్తదా?

బట్టీ_మేస్త్రి

రాదు. బాయిలర్‌లోకి గాలి బాగా కొడతారు, కార్బన్ చాలావరకు అక్కడే కాలిపోతుంది, మిగిలేది సిలికా. నలుపు చూసి మోసపోవద్దు, కొద్దిపాటి కార్బన్ ఉన్నా బూడిద నల్లగానే కనిపిస్తుంది. ఇంట్లోనే చూడొచ్చు: బాగా ఎండిన ఆ బూడిద వంద గ్రాములు రేకు మీద పరిచి, బొగ్గుల పొయ్యి మీద ఎర్రగా కాల్చి, తెల్లబడేదాకా కలుపుతూ ఉండి మళ్లీ తూచండి. తగ్గిన బరువే దాదాపు అందులోని కార్బన్. పది గ్రాములు కూడా తగ్గకపోతే దాన్ని కూరగాయల మళ్లకు వేసుకోండి, క్రెడిట్ సంచుల్లో మాత్రం కలపకండి. ఒక్క సంచి కలిసినా మొత్తం నమూనా ల్యాబ్‌లో పడిపోతుంది. మిల్లువాళ్లది బాయిలర్ కాకుండా గ్యాసిఫయర్ (తక్కువ గాలితో ఊకను గ్యాస్‌గా మార్చే యంత్రం) అయితే కథ వేరు, దాని అడుగున పడే ఊక బొగ్గులో కార్బన్ బాగానే ఉంటుంది. ఏ యంత్రమో కనుక్కుని చెప్పండి.